గోలీ మింగితే జరమెందుకొస్తది?

యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి తెలుగులో వచ్చే వ్యాసాలన్నీ దాదాపు ఒకే మూసలో ఉంటాయి. 1895లో భీమవరంలో పుట్టాడు, ఖద్దరు కట్టాడని మద్రాసు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారు, 1922లో అమెరికా వెళ్ళాడు, ఆస్పత్రిలో రాత్రిళ్ళు కూలిపని చేసుకుంటూ హార్వర్డులో చదివాడు, అవీ ఇవీ ఎన్నో కనిపెట్టాడు, నోబెల్ మాత్రం ఇవ్వలేదు. చివర్లో "మనవాడి విలువ మనకే తెలీదు" అని ఓ నిట్టూర్పు. ఆఫీసు ఫార్వర్డు మెయిళ్ళలో మొదలైన ఈ నిట్టూర్పు వాట్సాప్‌లోకి వచ్చినా ఒక్క ముక్క మారలేదు :)

నాకు ఆ నోబెల్ గొడవ మీద అంత ఆసక్తి లేదు. నా ఆసక్తి వేరే. ఆయన నడిపిన ల్యాబులోంచి వచ్చిన ఒక మందు మా పాలమూరులో ఇంటింటికీ వచ్చింది. చాలా ఇళ్ళల్లో గూట్లోనే ఉండిపోయింది. జనం ఎందుకు మింగలేదు అన్నదానికి సగం జవాబు ఆయన 1920లలో కొలుస్తూ కూర్చున్న ఫాస్ఫేటు దగ్గర మొదలవుతుంది. ఈ రెండు కథల్నీ ఎవరూ కలిపి చెప్పగా నేను చదవలేదు, అందుకే ఈ టపా. నేను డాక్టర్ని కాను, కోడు రాసుకునేవాణ్ణి. కాబట్టి మన భాషలోనే చెప్తాను.

పాలమూరు అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11 దాకా అందులోవే. ఆ తర్వాత వేర్వేరు జిల్లాలయ్యాయి. బోదకాలు ఉన్న జిల్లాల లెక్కలో పాత మహబూబ్‌నగర్ కూడా ఉంది. చాలామంది బోదకాలు అంటే గోదావరి జిల్లాల జబ్బు అనుకుంటారు. మా వైపు సంతల్లో, బస్టాండుల్లో ఆ కాళ్ళు చూస్తూ పెరిగినవాళ్ళకి అలాంటి భ్రమలేం లేవు. కాళ్ళైనా కనిపిస్తాయి. మగవాళ్ళలో వరిబీజం రూపంలో వచ్చేది పంచెల కిందే ఉండిపోతుంది, ఎవరూ బయటికి చెప్పుకోరు.

2004 నుంచి ప్రభుత్వం ఇలాంటి జిల్లాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ డీఈసీ మాత్రలు పంచడం మొదలుపెట్టింది. తర్వాత వాటితోపాటు ఆల్బెండజోల్ కూడా. జబ్బు ఉన్నా లేకపోయినా అందరూ మింగాలి. రెండేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుపడ్డవాళ్ళకి మాత్రమే మినహాయింపు. పదిహేనేళ్ళు దాటినవాళ్ళకి వంద మిల్లీగ్రాములవి మూడు. మా వాకిట్లో ఈ సంభాషణ ఒకటి కాదు, చాలాసార్లు విన్నాను:

"అత్తమ్మా, బోదకాల్ల గోలీలు, నా ముందల్నే మింగాలె."

"గివి మింగితే జరమొస్తదంటనే బిడ్డా. రేపు నాట్లున్నయి. ఆడ పెట్టిపో, పండేటప్పుడు మింగుత."

గోలీలు గూట్లోకి, పేరు రిజిస్టర్లోకి. అత్తమ్మ చెప్పింది అబద్ధం కాదు. ఆ గోలీ మింగితే కొంతమందికి నిజంగానే జ్వరం వస్తుంది. కూలికి పోయేవాళ్ళకి రెండ్రోజుల జ్వరం అంటే రెండ్రోజుల కూలి. ఆమె లెక్క ఆమెకుంది. "చదువులేని జనం, పుకార్లు నమ్ముతారు" అని తేల్చేసే పెద్దమనుషుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. జ్వరం పుకారు కాదు.

మరి ఆ జ్వరం ఎక్కడిది? మందులో విషమేమైనా ఉందా?

ముందు పురుగు సంగతి. దాని పేరు ఉకెరేరియా బాంక్రాఫ్టీ. క్యూలెక్స్ దోమ, అంటే మురిక్కాలవల్లో పెరిగే దోమ మోసుకొస్తుంది. పెద్ద పురుగులు మన లింఫు గొట్టాల్లో కాపురం పెడతాయి. ఆడది పదేసి సెంటీమీటర్లు పెరుగుతుంది, అయిదారేళ్ళకు పైనే బతుకుతుంది, లక్షల్లో పిల్లల్ని రక్తంలోకి వదుల్తుంది. ఈ పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, దోమ కుట్టే వేళకి, అర్ధరాత్రి పూట, చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందుకే ఫైలేరియా సిబ్బంది రాత్రిపూట ఇళ్ళకొచ్చి వేలికి సూది గుచ్చేవాళ్ళు. షెడ్యూలు పెట్టిన క్రాన్ జాబు కూడా ఇంత కచ్చితంగా నడవదు.

అసలు విచిత్రం ఏంటంటే, రక్తంలో వేల పిల్లలు తిరుగుతున్నా చాలామందికి ఏమీ అనిపించదు. పది సెంటీమీటర్ల పరాయి జంతువు లోపల ఏళ్ళ తరబడి ఉంటే మన రోగనిరోధక వ్యవస్థ ఏం చేస్తున్నట్టు? ముల్లు గుచ్చుకుంటేనే చీము పట్టించే వ్యవస్థ కదా అది. జవాబు: పురుగు దాని నోరు మూయిస్తుంది. వాపు తగ్గించే ఐఎల్-10 లాంటి సంకేతాలు పెరిగేలా, దాడి చెయ్యాల్సిన కణాలు మెతకపడేలా చేస్తుంది. లాగ్ లెవెల్‌ని తగ్గించేసి లోపల హాయిగా నడుస్తున్న మాల్‌వేర్ అన్నమాట. మనిషి ఆరోగ్యంగా కనిపిస్తాడు, దోమలకి మాత్రం పురుగుల్ని సప్లై చేస్తూ ఉంటాడు. అలాంటివాడికి వెళ్ళి గోలీ మింగమంటే "నాకేం రోగం?" అనే అంటాడు.

ఇప్పుడు మందు సంగతి. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్ళిన అమెరికా సైనికుల్లో వేలమందికి ఫైలేరియా అంటుకుంది. దానికి మందు వెతికినవాళ్ళలో లెడర్లీ కంపెనీ ఒకటి. సుబ్బారావు 1940లో హార్వర్డు వదిలి అక్కడ చేరి, 1942లో పరిశోధన విభాగానికి డైరెక్టరయ్యాడు. ఆయన బృందం రకరకాల రసాయనాల్ని ఫైలేరియా ఉన్న ఎలుకల మీద, కుక్కల మీద పరీక్షించి 1947లో డైఇథైల్‌కార్బమజీన్‌ని బయటపెట్టింది. హెట్రజాన్ అని పేరు పెట్టారు. అదే డీఈసీ. ఆ పేపరు రాసినవాళ్ళలో హ్యూవిట్, కుష్నర్‌లతో పాటు సుబ్బారావు పేరూ ఉంది. ఆ మరుసటేడే, 1948 ఆగస్టులో, ఆయన చనిపోయాడు. మా గద్వాల, వనపర్తి సంస్థానాలు ఇంకా నైజాం రాజ్యంలోనే ఉన్నాయి అప్పటికి.

మందు రక్తంలోని పిల్లల్ని గంటల్లో మాయం చేసేది. బాగానే ఉంది. కానీ లండన్‌లో ఒకాయన దాన్ని గాజుగిన్నెలో పరీక్షించాడు. పురుగుపిల్లల మీద నేరుగా డీఈసీ పోస్తే చావలేదు! మామూలుగా ఒంట్లో ఉండే మోతాదుకి ఎంతో ఎక్కువ పోసినా ఈదుతూనే ఉన్నాయి. ఒంట్లో ఇస్తే మాత్రం కాలేయంలో చిక్కుకుని అక్కడి భక్షక కణాల చేతిలో చచ్చేవి. 1948 నుంచి 1950 మధ్య ఈ సంగతి తేల్చిన ఆయన పేరు ఫ్రాంక్ హాకింగ్. అవును, ఆ హాకింగే. స్టీఫెన్ హాకింగ్ వాళ్ళ నాన్న. (బ్లాక్ హోల్స్ పుస్తకం కొని మొదటి ముప్పై పేజీల దగ్గర ఆపేసిన మనలో చాలామందికి ఈ నాన్నగారి సంగతి తెలియదు.)

అంటే చంపేది మందు కాదు. మందు చేసేది పురుగుని పట్టివ్వడం. చంపేది మన ఒళ్ళే. ఎలా చంపుతుందో తెలుసుకోవడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది, ఎందుకంటే అది తెలియాలంటే ముందు కణాల లోపలి సంకేతాలు చదవడం రావాలి. ఆ చదువుకి అక్షరాభ్యాసం సుబ్బారావు ఫాస్ఫేటు దగ్గరే జరిగింది.

1925లో ఆయనా, హార్వర్డులో ఆయన గురువు సైరస్ ఫిస్కే కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే ఒక పద్ధతి ప్రకటించారు. మాలిబ్డేటు కలిపితే, ఫాస్ఫేటు ఎంత ఉంటే అంత నీలిరంగు. రంగు చిక్కదనం చూసి లెక్క చెప్పెయ్యొచ్చు. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్సు చేసినవాళ్ళకి ఫిస్కే-సుబ్బారావు అనగానే ఆ నీలిరంగు గుర్తొస్తుంది. ఆ కొలబద్ద చేతిలో పెట్టుకుని కండరంలో వెతికితే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది, 1929లో ఏటీపీ దొరికింది. ఏటీపీ అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్‌కి కూడా విడిగా దొరికింది. అడినోసిన్ అనే బండికి మూడు ఫాస్ఫేటు పెట్టెలు తగిలిస్తే ఏటీపీ. దాన్ని మనం బళ్ళో "శక్తి నాణెం" అని బట్టీ పట్టాం. అంతకంటే పెద్ద ఉద్యోగం దానికి ఇంకోటుందని సుబ్బారావు బతికుండగా ఎవరికీ తెలీదు.

1955లో సియాటిల్‌లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కండరంలోని ఒక ఎంజైముని చూస్తూ గమనించారు: ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటు ఊడదీసి దాని మీద అతికిస్తే అది ఆన్ అవుతుంది, పీకేస్తే ఆఫ్. అతికించే ఎంజైములు కైనేజులు, పీకేవి ఫాస్ఫటేజులు. ఒక్క బిట్. ఒకటి, సున్న. మన ఒంట్లో ఇలాంటి కైనేజులు అయిదొందల పైచిలుకు ఉన్నాయని 2002లో జన్యువుల్లోంచి ఏరి లెక్కపెట్టారు. వాళ్ళిద్దరికీ 1992లో నోబెల్ వచ్చింది. మొదట్లో ఇది చక్కెర గొడవ అనుకున్నారు. తర్వాత చూస్తే కణంలో దాదాపు ప్రతి నిర్ణయం ఈ బిట్ల మీదే నడుస్తోంది.

వాపు, మంట, జ్వరం కూడా. కాలేయంలో ఒక భక్షక కణం ఉందనుకోండి. దాని ఒంటి మీద టోల్ రిసెప్టర్లని కాపలా కుర్రాళ్ళు ఉంటారు. సూక్ష్మజీవి తాలూకు ముక్క తగలగానే లోపల ఒక కైనేజు ఇంకో కైనేజుకి ఫాస్ఫేటు అంటిస్తుంది, అది ఇంకోదానికి. చివరి కైనేజు పేరు ఐకేకే. అది పోయి ఐకప్పాబీ అనే ప్రోటీనుకి ఫాస్ఫేటు అంటిస్తుంది. ఈ ఐకప్పాబీ చేసే పనల్లా ఎన్ఎఫ్-కప్పా-బీ అనేవాణ్ణి రెక్క పట్టుకుని ఆపి ఉంచడం. ఫాస్ఫేటు పడగానే ఐకప్పాబీని కణం చెత్తలో వేసేస్తుంది, ఎన్ఎఫ్-కప్పా-బీ కేంద్రకంలోకి పరుగెడుతుంది. దీన్ని 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ కనిపెట్టారు. లోపలికి వెళ్ళాక అది తెరిచే జన్యువుల జాబితాలో టీఎన్ఎఫ్, ఐఎల్-6 ఉన్నాయి. కాక్స్-2 అనే ఎంజైము ఉంది. ఐనాస్ అనే ఎంజైము ఉంది. ఇంకో తమాషా ఏంటంటే అదే జాబితాలో ఐకప్పాబీ కూడా ఉంది. తనని ఆపేవాణ్ణి తనే మళ్ళీ తయారుచేసుకుంటుంది. అందుకే జ్వరం వస్తుంది, పోతుంది కూడా. మనం రాసే సర్వీసుల్లో ఈ బుద్ధి ఎంతమందికి ఉంది చెప్పండి!

ఈ జాబితాలోని రెండు ఎంజైములు మన కథకి కావాలి. కాక్స్ ప్రోస్టాగ్లాండిన్లని చేస్తుంది. ఆస్పిరిన్ పనిచేసేది వాటి తయారీని ఆపే అని జాన్ వేన్ 1971లో చూపించాడు. ఐనాస్ నైట్రిక్ ఆక్సైడు చేస్తుంది, భక్షక కణాలకి అదొక ఆయుధం. 2005లో లివర్‌పూల్‌లో మెక్‌గారీ బృందం పురుగుపిల్లల్ని చిట్టెలుకల్లో పెట్టి డీఈసీ ఇచ్చింది. మామూలు ఎలుకల్లో పిల్లలు తుడిచిపెట్టుకుపోయాయి. ఐనాస్ జన్యువు లేని ఎలుకల్లో మందు దండగ. కాక్స్ దారి మూసేసినా అంతే. హాకింగ్ నాన్నగారి గాజుగిన్నె పజిలు అలా విడింది. గిన్నెలో పురుగూ మందూ ఉన్నాయి గానీ ఈ ఎంజైములు లేవు. 2020లో అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు డీఈసీ పురుగు కండరాల్లో కొన్ని అయాన్ ద్వారాల్ని తెరిచి కాసేపు బిగుసుకుపోయేలా చేస్తుందని కూడా చూపించారు. అంటే మందు పురుగుని కాసేపు కట్టేసి ఒంటికి అప్పగిస్తుంది.

సరే, జ్వరం. పురుగుపిల్లలు చచ్చి పగలగానే లోపలి సరుకంతా రక్తంలో పడుతుంది. ఆ సరుకులో వొల్బాకియా అనే బ్యాక్టీరియా కూడా ఉంటుంది, అది ఈ పురుగు లోపలే బతికే కిరాయిదారు. ఇన్నాళ్ళూ పురుగు చాటున ఉంది, ఇప్పుడు ఒక్కసారిగా కాపలావాళ్ళ కళ్ళబడింది. పైన చెప్పిన గొలుసంతా ఒకేసారి మోగుతుంది. ఐఎల్-6 పెరుగుతుంది, మెదడులో ప్రోస్టాగ్లాండిన్ తయారై ఒంటి థర్మోస్టాటుని పైకి తిప్పుతుంది. తలనొప్పి, ఒళ్ళునొప్పులు, జ్వరం. రక్తంలో ఎంత ఎక్కువ పురుగు ఉంటే అంత ఎక్కువ. పురుగు లేనివాళ్ళకి కాస్త వికారం, కళ్ళుతిరగడం ఉంటే ఉండొచ్చు, ఇంత జ్వరం మామూలుగా రాదు. మామూలుగా రెండుమూడు రోజుల్లో తగ్గిపోతుంది, పారాసెటమాల్ ఇస్తారు. ఎక్కువైతే పీహెచ్‌సీకి పోవాలి, అది వేరే సంగతి.

అంటే అత్తమ్మ ఇంట్లో నలుగురు మింగి ఒక్కడికే జ్వరమొస్తే, ఆ ఇంట్లో పురుగు ఎవరి రక్తంలో ఉందో రాత్రి సూది గుచ్చకుండానే చాలావరకు తెలిసిపోయినట్టు. ఈ ఒక్క ముక్క వాకిట్లో చెప్పినవాళ్ళని నేను చూడలేదు. "ఏం గాదు, మింగు" అనే విన్నాను. మర్నాడు ఏదో అయ్యేసరికి ఊరంతా పాకిపోయేది, వచ్చే ఏడు ఇంకో పది ఇళ్ళ గూళ్ళు నిండేవి.

ఇది కొత్త పాఠం కూడా కాదు, అదీ నా బాధ. ఒరిస్సాలో ప్రయోగాత్మకంగా నడిపాక 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అప్పుడూ జనానికి మూకుమ్మడిగా డీఈసీ ఇచ్చారు. జ్వరాలొచ్చాయి, జనం సహకరించలేదు. 1960 ప్రాంతంలో సమీక్ష చేసి మూకుమ్మడి పంపిణీని వదిలేశారు. దోమల మందుకి దోమలు అలవాటు పడిపోవడం ఇంకో కారణం. సుబ్బారావు ల్యాబు మందు ఆయన దేశంలో నలభై ఏళ్ళకు పైగా పక్కన కూర్చోవడానికి ఒక పెద్ద కారణం ఆ రెండ్రోజుల జ్వరం. 2004లో మళ్ళీ మొదలెట్టేనాటికి కణ సంకేతాల సంగతి పుస్తకాల్లోకి ఎక్కేసింది. వాకిళ్ళలోకి రాలేదు.

పైగా లెక్క ఒకటి. పంచినవి ఎన్ని, మింగినవి ఎన్ని అన్నవి రెండు వేరు వేరు అంకెలు. డిప్లాయ్ అయిందని డాష్‌బోర్డు పచ్చగా చూపిస్తూ ఉంటుంది, సర్వర్లో ప్రాసెసు మాత్రం లేవలేదు. మన ఫీల్డులో దీనికి ఉద్యోగాలు పోతాయి. పాలమూరులో ఇంకో చిక్కు: గోలీలు పంచే వారానికి సగం కుటుంబాలు బొంబాయిలోనో పుణేలోనో మేస్త్రీ కింద పనిలో ఉంటే, ఆశా కార్యకర్త తాళం కప్పకి ఇస్తుందా? వచ్చాక వాళ్ళ రక్తం, ఇక్కడి దోమలు మళ్ళీ కలుస్తాయి.

చైనావాళ్ళు ఈ జ్వరాన్ని ఇంకోలా దాటారు. చాలాచోట్ల వంట ఉప్పులోనే కొంచెం కొంచెం డీఈసీ కలిపి నెలల తరబడి తినిపించారు. పురుగులు ఒక్కసారిగా కాకుండా మెల్లిగా చచ్చాయి, కాబట్టి గంట గట్టిగా మోగలేదు. రేట్ లిమిటింగ్. 2007లో ఆ దేశంలో బోదకాలు పోయిందని ధ్రువీకరించారు. ఈ ఉప్పు ఆలోచనని బ్రెజిల్‌లో పరీక్షించి 1967లో పేపరు రాసింది ఎవరనుకున్నారు? మళ్ళీ ఫ్రాంక్ హాకింగే. మనవాళ్ళూ కారైకాల్‌లో 1980లలో ఉప్పు ప్రయత్నించారు. అంతకు మించి పెద్దగా సాగలేదు.

పక్కదారి ఒకటి, చెప్పకుండా ఉండలేను. ఇదే లెడర్లీలో సుబ్బారావు బృందం చేసిన మెథోట్రెక్సేట్ అసలు కాన్సరు మందు. ఇప్పుడు చిన్న మోతాదులో కీళ్ళవాతానికి మొదట రాసే మందు అదే, మీ ఇళ్ళల్లో ఎవరో ఒకరు వారానికోసారి వేసుకుంటూ ఉంటారు. అది వాపుని ఎలా ఆపుతుంది? ముఖ్యమైన దారుల్లో ఒకటి, కణాల బయట అడినోసిన్ని పెంచడం. కణం పగిలి ఏటీపీ బయటపడితే అది ప్రమాద సంకేతం. కణాల పైనుండే ఎంజైములు దాని ఫాస్ఫేటు పెట్టెలన్నీ ఊడదీసేస్తే మిగిలే అడినోసిన్ "ఇక చాలు, చల్లబడండి" అనే సంకేతం. రాజేసే ఏటీపీని కనిపెట్టినవాళ్ళలో ఒకడూ, చల్లార్చే మందుని చేసిన బృందానికి పెద్దా ఒక్కడే. ఆ పెట్టెల్ని లెక్కపెట్టే నీలిరంగు కూడా ఆయనదే.

ఇంకోటి. 1948లో అదే ల్యాబు నుంచి డగ్గర్ చేతుల మీదుగా ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ల కుటుంబానికి పెద్దక్క. ఆ కుటుంబంలోని డాక్సీసైక్లిన్ కొన్ని వారాలు ఇస్తే పురుగులోని వొల్బాకియా చస్తుంది, దాంతో పురుగు గొడ్డుబోయి మెల్లిగా పోతుంది అని టాంజానియాలో చేసిన పరీక్ష 2005లో అచ్చయింది. వారాల కొద్దీ రోజూ మింగాలి కాబట్టి ఊరంతటికీ పంచడానికి పనికిరాదు. 2018 చివర్లో బీహార్‌లోని అర్వల్‌తో మొదలుపెట్టి మన దేశంలో డీఈసీ, ఆల్బెండజోల్‌కి ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి ఇస్తున్నారు. దేశం పెట్టుకున్న గడువు ఇప్పుడు 2027. ఇంతకు ముందువి 2015, 2017, 2020. మన ప్రాజెక్టు ప్లాన్లు ఎంతో నయం.

ఇప్పటికే వాచిపోయిన కాలు మాత్రం ఈ మాత్రలతో మామూలుకి రాదు. లింఫు గొట్టాలు పాడైపోయాక పురుగు చచ్చినా నీరు దిగదు. వేళ్ళ సందుల్లో పుండు పడ్డప్పుడల్లా బ్యాక్టీరియా దూరి, మళ్ళీ అదే గొలుసు మోగి, జ్వరం, వాపు, ప్రతిసారీ కాలు ఇంకాస్త గట్టిపడటం. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా తుడిచి, పడుకున్నప్పుడు ఎత్తు మీద పెట్టుకుంటే ఈ జ్వరాలు బాగా తగ్గుతాయి. 2018లో తెలంగాణ ప్రభుత్వం బోదకాలు ఉన్నవాళ్ళకి ఆసరాలో నెలకు 1000 రూపాయల పింఛను మొదలుపెట్టింది, 2019లో దాన్ని 2016 చేసింది. మా వైపు పింఛను డబ్బుల కోసం వరసలో నిలబడ్డవాళ్ళలో కొందరి చేతిలో చెప్పు ఒకటే ఉంటుంది, రెండో కాలికి పట్టే సైజు బజార్లో దొరకదు.